హంఫ్రీ ఒంటి మీది దెబ్బలు

మ్యూజియంలో పెట్టబోయే యుద్ధ విమానానికి తొందరపడి కొత్త రంగు వెయ్యకూడదు అని నా అభిప్రాయం. మరీ ఛాందసంగా ఉందనిపిస్తే చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి, నాకేం అభ్యంతరం లేదు.

మన దగ్గర ఒక పద్ధతుంది. పాత గుడిని బాగుచేయిస్తున్నామంటే మొట్టమొదట చేసే పని, శాసనాలున్న రాతి స్తంభాలకి ఆయిల్ పెయింట్ కొట్టెయ్యడం. చేసేవాళ్ళకి భక్తి లేక కాదు, భక్తి ఎక్కువై. మిలిటరీ వాళ్ళిచ్చిన పాత ట్యాంకునో, విమానాన్నో ఊరి కూడలిలో పెట్టినప్పుడూ ఇదే జరుగుతుంది. ప్రారంభోత్సవం నాటికి అది నిన్ననే ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టు మెరిసిపోతూ ఉంటుంది. పక్కన ఒక బోర్డు. పొడవు ఇంత, బరువు ఇంత, ఇంజన్ సామర్థ్యం ఇంత. అది ఎక్కడ తిరిగింది, ఎవర్ని మోసింది, దాని తోకకి ఆ సొట్ట ఎలా పడింది అనేవి బోర్డు మీద ఉండవు. సొట్ట కూడా ఉండదు లెండి, లప్పం పెట్టి పూడ్చేసి ఉంటారు.

ఇంగ్లండులో సోమర్‌సెట్ జిల్లా యోవిల్టన్‌లో ఫ్లీట్ ఎయిర్ ఆర్మ్ మ్యూజియం ఉంది. బ్రిటిష్ నౌకాదళపు విమానాల మ్యూజియం. అందులో ఒక పాత హెలికాప్టర్, వెస్ట్‌ల్యాండ్ వెసెక్స్ మార్క్ 3 రకం. నంబరు ఎక్స్‌పీ142, ముద్దుపేరు హంఫ్రీ. చూడ్డానికేం అందగత్తె కాదు. పొట్ట ముందుకొచ్చిన ముక్కు, పైన రోటర్ వెనకాల రాడార్ కోసం పెట్టిన గుండ్రటి బుడిపె. ఆ బుడిపె వల్ల ఈ రకం హెలికాప్టర్లని అక్కడ 'ఒంటె' అనేవాళ్ళట. మనవాళ్ళయితే మూపురం చూసి బసవన్న అని పెట్టి ఉండేవాళ్ళు. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో దీనికి తగిలిన దెబ్బల గుర్తుల్ని మ్యూజియం వాళ్ళు నున్నగా చేసెయ్యలేదు. ఆ గుర్తుల విలువ తెలియాలంటే ముందు కథ తెలియాలి.

1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా ఫాక్‌లాండ్ దీవుల్ని ఆక్రమించింది, మర్నాడు సౌత్ జార్జియా దీవిని. రెండోది దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో, సంవత్సరమంతా మంచు పట్టి ఉండే కొండల దీవి. ముందు దాన్ని వెనక్కి తీసుకుందామని బ్రిటన్ కొన్ని ఓడల్ని పంపింది. వాటిల్లో యాంట్రిమ్ అనే డిస్ట్రాయర్ మీద ఉన్నది మన హంఫ్రీ. అసలు దాని ఉద్యోగం జలాంతర్గాముల్ని వెతకడం. కానీ సైనికుల్ని మొయ్యాలి కాబట్టి లోపలున్న సోనార్ సామాను పీకేసి చోటు చేశారు.

ఏప్రిల్ 21న ఎస్ఏఎస్ కమాండోల్ని ఫార్చునా గ్లేసియర్ అనే మంచు మైదానం మీద దింపారు. అక్కణ్ణుంచి నడిచి వెళ్ళి శత్రువు మీద కన్నేసి ఉంచాలని పథకం. ఆ దీవి గురించి తెలిసినవాళ్ళు వద్దన్నారు, వీళ్ళు విన్లేదు. (ఆఫీసుల్లో ఎస్టిమేట్లు ఇచ్చేవాళ్ళకి ఈ సన్నివేశం బాగా పరిచయమే.) రాత్రి మంచు తుఫాను వచ్చింది. గుడారాలు ఎగిరిపోయాయి. తెల్లారేసరికి, ఇంకాసేపుంటే గడ్డకట్టి పోతాం, వచ్చి తీసుకెళ్ళండి అని రేడియోలో కబురు.

ఏప్రిల్ 22న మూడు హెలికాప్టర్లు వెళ్ళాయి. ముందు హంఫ్రీ, వెనకాల రెండు వెసెక్స్ మార్క్ 5లు. ఈ వెనకాల రెండూ సైనికుల్ని మోసే రకం. ఇంజన్ బలం ఉంది గానీ రాడార్ లేదు. రాడార్, దారి చూపే పరికరాలు ఉన్నది హంఫ్రీకే. కాబట్టి అది ముందు నడవాలి, మిగిలినవి దాని తోక చూసుకుంటూ రావాలి.

కమాండోలు ఎక్కారు. మొదటి మార్క్ 5 పైకి లేచింది. అంతలో మంచు గాలి కమ్మేసింది. కింద తెలుపు, పైన తెలుపు, మధ్యలో తెలుపు. ఏది నేలో, ఏది ఆకాశమో పైలట్‌కి తెలియదు. అది ఒరిగి కూలిపోయింది. అదృష్టం, ఎవరూ చావలేదు. వాళ్ళని మిగిలిన రెండింట్లోకి సర్దారు. మళ్ళీ బయల్దేరాయి. హంఫ్రీ ఒక మిట్ట దాటింది, వెనకాల వస్తున్న రెండో మార్క్ 5 దాటలేకపోయింది. అదీ మంచులో పడింది. ఇక మిగిలింది ఒక్కటే, ఒకే ఇంజన్ ఉన్నది, జలాంతర్గాముల కోసం తయారైనది.

పైలట్ పేరు ఇయాన్ స్టాన్లీ. యాంట్రిమ్ మీదకి వెళ్ళి ఉన్నవాళ్ళని దింపాడు. దుప్పట్లు, మందులు వేసుకుని తిరిగొచ్చాడు. వాతావరణం దిగనివ్వలేదు. వెనక్కి వెళ్ళాడు. మబ్బు కాస్త విడిపోయే దాకా కాచుకుని మళ్ళీ వచ్చాడు. ఈసారి దిగాడు. మంచు మీద మిగిలినవాళ్ళనందర్నీ, కూలిన హెలికాప్టర్ల సిబ్బందితో సహా, ఒకళ్ళ మీద ఒకళ్ళని కూరి ఎక్కించాడు. ఆ హెలికాప్టర్ మోయాల్సిన బరువు అది కాదు. ఓడ దగ్గరికొచ్చాక గాల్లో నిలబడి మెల్లిగా దిగే శక్తి లేదు దానికి, అందుకని ఆగకుండా నేరుగా తెచ్చి డెక్ మీద పెట్టేశాడు. రెండు హెలికాప్టర్లు పోయినా ఒక్క ప్రాణం పోలేదు. స్టాన్లీకి డీఎస్ఓ పతకం ఇచ్చారు.

మూడు రోజుల తరవాత, ఏప్రిల్ 25న, అదే హంఫ్రీ, అదే సిబ్బంది. రాడార్‌లో నీటి పైన ఏదో కనబడింది. దగ్గరికెళ్ళి చూస్తే అర్జెంటీనా జలాంతర్గామి శాంటా ఫే, పైకి తేలి వెళ్తోంది. హంఫ్రీ రెండు డెప్త్ చార్జిలు వేసింది. జలాంతర్గామి దెబ్బతిని మునగలేని స్థితికొచ్చింది. తరవాత మిగతా ఓడల హెలికాప్టర్లు కూడా వచ్చి పడ్డాయి. అది కుంటుకుంటూ గ్రిట్‌వికెన్ రేవుకి తిరిగిపోయింది. అదే రోజు అక్కడి అర్జెంటీనా సైన్యం లొంగిపోయింది. సోనార్ పీకేసిన జలాంతర్గామి వేటగాడు కంటితోనూ రాడార్‌తోనూ జలాంతర్గామిని పట్టడం నాకు మహా సరదాగా అనిపించే సంగతి.

మే 21న శాన్ కార్లోస్ దగ్గర యాంట్రిమ్ మీద అర్జెంటీనా విమానాలు దాడి చేశాయి. ఓడలోకి ఒక బాంబు దూసుకొచ్చింది గానీ పేలలేదు. అదే దాడిలో హంఫ్రీకి ఒళ్ళంతా తూట్లు పడ్డాయి.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. యుద్ధం అయిపోయింది. హెలికాప్టర్ మ్యూజియంకి వచ్చింది. చక్కగా రేకులు మార్చి, రంగేసి, 1960లలో ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటిలా తయారు చెయ్యొచ్చు. చూసేవాళ్ళకి బాగానే ఉంటుంది. కానీ అప్పుడది హంఫ్రీ కాదు, ఒక వెసెక్స్ మార్క్ 3 నమూనా. మనిషి ఫొటోని టచప్ చేసి మచ్చలు తీసెయ్యడం వేరు, మనిషి సాక్ష్యం చెప్పబోతుంటే నోరు మూసెయ్యడం వేరు. ఆ రేకు మీది దెబ్బ రెండో రకంది. తూటా ఏ వైపు నుంచి వచ్చింది, ఎంత లోపలికి వెళ్ళింది, తరవాత ఎంత తొందరలో అతుకు వేశారు అనేవి రేకు మీద రాసి ఉంటాయి. పుస్తకం తప్పు చెప్పినా రేకు చెప్పదు.

మా వృత్తిలో చెప్పాలంటే, పాత కోడ్‌లో ఎక్కడో ఒక వింత కండిషన్ ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రాడు, ఇదేంటి అసహ్యంగా ఉంది అని తీసేస్తాడు. ఆర్నెల్ల తరవాత అది ఏ కస్టమర్ కోసం, ఏ రాత్రి పెట్టారో అప్పుడు తెలుస్తుంది. మాకు వర్షన్ కంట్రోల్ ఉంది కాబట్టి వెనక్కి తెచ్చుకుంటాం. ఇసుక కాగితం పెట్టి గీకేసిన రంగుకి వర్షన్ కంట్రోల్ లేదు.

యోవిల్టన్ వాళ్ళు ఈ విషయంలో ఎంత మొండివాళ్ళంటే, వాళ్ళ దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి కోర్సేర్ విమానం ఒకటుంది, కేడీ431. 1963లో దాన్ని ప్రదర్శన కోసం మెరిసేలా రంగేశారు. 2000 తరవాత దాని మీద పనిచేసినవాళ్ళు, ఆ 1963 రంగుని అంగుళం అంగుళం చొప్పున జాగ్రత్తగా తీసేసి, దాని కింద ఉన్న 1944 నాటి రంగుని బయటికి తెచ్చారు. ఏళ్ళు పట్టింది. ఇప్పుడు ఆ విమానం వెలిసిపోయి, మాసిపోయి, గీతలతో ఉంది. కొత్త రంగులో అది బొమ్మ. ఇప్పుడు విమానం.

సరే, అన్నీ అలాగే వదిలెయ్యమంటావా, తుప్పు పట్టి పోనిస్తావా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఏమీ చెయ్యకపోవడం భద్రపరచడం కాదు. నిజానికి హెలికాప్టర్‌ని నిలబెట్టి ఉంచడం ఎగరెయ్యడం కంటే ఏమంత తేలిక కాదు. ఎగిరే హెలికాప్టర్‌కి వంద మంది డాక్టర్లు, మ్యూజియం హెలికాప్టర్‌కి వారానికోసారి వచ్చే ఊడ్చేవాడు.

మొదట లోపలి సరుకు తియ్యాలి. ఇంధనం, హైడ్రాలిక్ నూనె, బ్యాటరీలు. తరవాత బయటికి కనపడని ప్రమాదాలు. రెస్క్యూ తాడు ఎక్కడన్నా చిక్కుకుంటే తెంచెయ్యడానికి పెట్టిన చిన్న పేలుడు గుళికలు, నీళ్ళలో పడితే బుడగలు ఊదడానికి పెట్టిన గ్యాస్ సీసాలు. పాత రకాల్లో చీకట్లో మెరిసే డయళ్ళ మీద రేడియం పూత ఉంటుంది, అది రేడియోధార్మికం. పిల్లల్ని కాక్‌పిట్‌లో కూర్చోబెట్టే ముందు దాని సంగతి చూడాలి. ఇంజన్లు తీసేస్తే బరువు మారుతుంది, ఆ బరువు చోట ఇంకో బరువు పెట్టకపోతే తోక మీద కూర్చుండిపోతుంది. టైర్ల మీద ఏళ్ళ తరబడి నిలబెడితే టైర్లు పగుల్తాయి, అందుకని కింద స్టాండ్లు పెట్టాలి. రోటర్ రెక్కల్ని గాలికి వదిలేస్తే ఊగి ఊగి వాటి మొదలు పాడవుతుంది.

అన్నిటికంటే పెద్ద శత్రువు ఉప్పు. ఆ కాలపు సికోర్‌స్కీ జాతి హెలికాప్టర్లలో బరువు తగ్గించడానికి మెగ్నీషియం మిశ్రమాలు బాగా వాడారు. (వెసెక్స్ కూడా పుట్టుకతో సికోర్‌స్కీ ఎస్-58కి తమ్ముడే.) మెగ్నీషియం, అల్యూమినియం, ఉక్కు బోల్టు, మధ్యలో ఉప్పు నీటి తడి. ఇంటర్లో చదివిన గాల్వానిక్ సెల్ ఇదే. కరెంటు రాదు గానీ మెగ్నీషియం మాత్రం కరిగిపోతుంది, తెల్లటి పొడిలా. మరీ ఘోరమేంటంటే ఇది రంగు కింద జరుగుతుంది. పైన నిగనిగలాడే రంగు, కింద పిండి. అంటే కొత్త రంగు తుప్పుకి మందు కాదు, చాలాసార్లు ముసుగు. సరైన మందు పైకప్పు. పైకప్పు, పొడి గాలి, క్రమం తప్పకుండా కడగడం, నీళ్ళు నిలవకుండా అడుగు రంధ్రాలు తెరిచి ఉంచడం. ఇవేవీ ప్రారంభోత్సవం ఫొటోలో కనపడవు, అదే వాటి ఖర్మ.

ఇక నకిలీల సంగతి. హెలికాప్టర్లలో ప్రపంచమంతా చూసినది ఏదంటే నేను అమెరికా నౌకాదళపు 'హెలికాప్టర్ 66' అంటాను. సీ కింగ్ రకం. అపోలో 8, 10, 11, 12, 13 వ్యోమగాములు చంద్రుడి నుంచి వచ్చి పసిఫిక్‌లో పడితే, వాళ్ళని నీళ్ళలోంచి పైకి తీసింది ఇదే. 1969 జులై 24న ఆర్మ్‌స్ట్రాంగ్‌ని ఎక్కించుకున్నదీ ఇదే. మధ్యలో నౌకాదళం నంబర్ల పద్ధతి మార్చి దీనికి 740 అని ఇచ్చింది. కానీ టీవీలో జనానికి 66 అలవాటయింది కాబట్టి అపోలో పని పడినప్పుడల్లా మళ్ళీ 66 అని రాసేవాళ్ళు. అంటే అది బతికి ఉండగానే తన వేషం తానే వేసుకుంది.

దాన్ని మ్యూజియంలో చూడలేం. చంద్రుడి పని అయిపోయాక దాన్ని మామూలు ఉద్యోగంలో పెట్టారు. 1975 జూన్ 4న శాండియాగో తీరంలో శిక్షణలో ఉండగా సముద్రంలో కూలిపోయింది. ఇంకా అక్కడే అడుగున ఉంది. ఇప్పుడు కాలిఫోర్నియాలో హార్నెట్, మిడ్‌వే అనే మ్యూజియం ఓడల మీద 66 అని రాసిన సీ కింగ్‌లు ఉన్నాయి. రెండూ వేరే హెలికాప్టర్లు, వేషం వేసినవి. ఇది తప్పని నేననను. జనానికి కథ చెప్పడానికి వేషం పనికొస్తుంది, రామ్మూర్తిగారు రాముడి వేషం వేస్తే తప్పా? కాకపోతే వేషం వేసిన ఆ రెండు హెలికాప్టర్లకీ సొంత జీవితం ఒకటి ఉంది. అవీ ఎక్కడో ఎగిరాయి, ఎవర్నో మోశాయి. 66 అని రాసిన క్షణంలో ఆ చరిత్ర రంగు కిందకి పోయింది.

దీనికి ఎదురు ఉదాహరణ, బ్రిటిష్ వాయుసేన చినూక్ 'బ్రావో నవంబర్'. 1982 మే 25న అట్లాంటిక్ కన్వేయర్ అనే సరుకుల ఓడని ఎక్సోసెట్ క్షిపణులు తగలబెట్టినప్పుడు దానితో పాటు మూడు చినూక్‌లు పోయాయి. ఆ సమయంలో గాల్లో ఉన్న ఈ ఒక్కటీ మిగిలింది. విడిభాగాలు, పనిముట్లు, మాన్యువల్స్ అన్నీ ఓడతో పోయాయి. యుద్ధం ముగిసే దాకా అది అలాగే ఎగిరింది. ఒక ట్రిప్పులో 81 మంది సైనికుల్ని మోసింది, దాని సీట్ల లెక్క అంతకి చాలా తక్కువ. తరవాత ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ కూడా వెళ్ళింది. 1982, 2003, 2006, 2010 సంవత్సరాల్లో దాన్ని నడిపిన నలుగురు వేర్వేరు పైలట్లకి డీఎఫ్‌సీ పతకాలొచ్చాయి. 2022లో కాస్‌ఫర్డ్ మ్యూజియంకి వచ్చింది. అయితే ఈ నలభయ్యేళ్ళలో దాని ఇంజన్లు, కాక్‌పిట్, పరికరాలు ఎన్నిసార్లు మార్చారో. 1990లలో అమెరికా పంపి మార్క్ 2గా మార్చారు. మరి ఇది ఫాక్‌లాండ్స్‌లో ఎగిరినదేనా?

నేనైతే అవుననే అంటాను. మార్పులన్నీ ఉద్యోగంలో ఉండగా, ఉద్యోగం కోసం జరిగాయి, ప్రతిదానికీ రికార్డు ఉంది. పిడి మార్చిన కత్తితో ఇంకా కూరలు తరుగుతున్నారంటే అది అదే కత్తి. దాన్ని 1982 వేషంలోకి వెనక్కి మార్చకపోవడం నాకు నచ్చింది. చివరి రోజున ఎలా ఉందో అలాగే లోపలికి తెచ్చి పెట్టారు.

ఇదంతా మనకెందుకంటారా? విశాఖపట్నం ఉంది కాబట్టి. 2007లో మన నౌకాదళం అమెరికా నుంచి ట్రెంటన్ అనే ఓడ కొని ఐఎన్ఎస్ జలాశ్వ అని పేరు పెట్టింది. దాంతో పాటు ఆరు యూహెచ్-3హెచ్ హెలికాప్టర్లు వచ్చాయి. ఇవి హెలికాప్టర్ 66కి సొంత కుటుంబం, అదే సీ కింగ్ జాతి. జలాంతర్గాముల వేట సామాను తీసేసి రవాణాకి, రక్షణ పనికి మార్చిన రకం. 2009 మార్చి 24న విశాఖ ఐఎన్ఎస్ డేగాలో వీటితో ఐఎన్ఏఎస్ 350 స్క్వాడ్రన్ మొదలైంది. పదిహేడేళ్ళు పనిచేసి 2024 జూన్ 28న అవి రిటైరయ్యాయి.

విశాఖ బీచ్ రోడ్డు అప్పటికే సగం మ్యూజియం. 2002 నుంచి కురుసుర జలాంతర్గామి ఉంది. దాని ఎదురుగా 2017 డిసెంబర్ 7న రాష్ట్రపతి కోవింద్ గారు ప్రారంభించిన టీయూ-142 ఉంది. జనం టికెట్టు కొనుక్కుని, పిల్లల్ని చంకనేసుకుని వెళ్ళి చూస్తారు. కురుసుర లోపల ఆ ఇరుకు సందులో నడిచినవాడెవడూ జలాంతర్గామి అంటే ఏమిటో మళ్ళీ మర్చిపోడు. అది మెచ్చుకోవాల్సిందే. కానీ టీయూ-142 ఆరుబయట ఉంది, బంగాళాఖాతానికి రోడ్డు దాటేంత దూరంలో. ఆ గాలిలో ఇంటి కిటికీ ఊచలు, ఏసీ డబ్బాలు ఎన్నేళ్ళు ఉంటాయో విశాఖలో ఎవర్నడిగినా చెబుతారు. పైగా హెలికాప్టర్ విమానం కంటే సున్నితం. దాని రోటర్ తల చూడండి, వందల కీళ్ళు, సందులు, ప్రతి సందులోనూ ఉప్పు కూర్చోడానికి చోటు. సీ కింగ్ రెక్కల లోపలి గొట్టంలో నైట్రోజన్ నింపి ఉంచేవాళ్ళు, పీడనం తగ్గితే ఎక్కడో పగులొచ్చినట్టు సూచిక చూపించేది. ఎగిరినన్నాళ్ళూ అంత జాగ్రత్తగా చూసుకున్న రెక్కని, దిగిన మర్నాటి నుంచి వానలో వదిలెయ్యడం ఏం మర్యాద?

అందుకని, యూహెచ్-3హెచ్ లాంటి హెలికాప్టర్ని ఎక్కడ ప్రదర్శనకి పెట్టినా నేనడిగేవి రెండే. ఒకటి, రంగుల డబ్బాల కంటే ముందు పైకప్పు కొనండి. గోడలు లేకపోయినా ఫర్వాలేదు, వాననీ ఎండనీ ఆపితే సగం పని అయినట్టే. రెండోది, ఖర్చు బొత్తిగా లేనిది. ప్రతి హెలికాప్టర్‌కీ పుట్టినప్పట్నుంచీ లాగ్ బుక్ ఉంటుంది, ఏ రోజు ఎన్ని గంటలు ఎగిరింది, ఏ భాగం ఎప్పుడు మార్చారు అన్నీ. రహస్యం కానివి చాలా ఉంటాయి. వాటిల్లోంచి ఒక్క పేజీ పెద్దది చేసి బోర్డు మీద పెట్టండి, ఇంజన్ సామర్థ్యం పక్కనే. దాన్ని నడిపిన పైలట్లు, దాని కింద పడుకుని బోల్టులు బిగించిన సెయిలర్లు ఇంకా మన మధ్యే ఉన్నారు, చాలామంది ఆ ఊళ్ళోనే. రంగు వేసేవాణ్ణి పిలిచే ముందు వాళ్ళని పిలిచి, ఈ సొట్ట ఎప్పటిది సార్ అని అడిగితే చాలు.